బూట్ల గది తలుపు

నాకు ముక్కు మీదే కోపమని మా ఆస్పత్రిలో అందరూ అంటారు. నేను ఒప్పుకోను. ముక్కు మీద ఉంటే తుమ్మితే పోయేది. నా కోపం చేతుల్లో ఉంటుంది. కోపం వచ్చిన రోజు తోలు గీసిన గీత మీద తెగదు, మేకు నిటారుగా దిగదు. అందుకే అలాంటప్పుడు పని ఆపేసి, గది గడియ పెట్టుకుని లోపల కూర్చుంటాను. దీన్ని మా ఆవిడ అలక అంటుంది. “అరవై దగ్గర పడ్డాయి, ఇంకా చంటిపిల్లాడిలా మూతి ముడుచుకుంటారేంటండీ?” అని దెప్పుతూనే ఉంటుంది. ఆవిడకేం, ఎన్నయినా అంటుంది.

నేను పిల్లల ఆస్పత్రిలో బూట్లు కుట్టేవాణ్ణి. మామూలు బూట్లు కావు. కొందరు పిల్లలు పాదాలు లోపలికి తిరిగి పుడతారు. కంగారు పడాల్సిన పనేం లేదు. తొందరగా తీసుకొస్తే ప్లాస్టర్ గదిలో అక్క వారానికోసారి పాదాన్ని కొంచెం కొంచెంగా సవరిస్తూ కట్టు వేస్తుంది. అక్క వయసులో నాకంటే చిన్నదే, కానీ ఆస్పత్రిలో అందరికీ అక్కే. ఆరేడు కట్లకు పాదం దారికొస్తుంది. అయితే పాదమంత మొండిది ఇంకోటి లేదు, పట్టించుకోకపోతే మళ్ళీ పాత వంకరకే పోతుంది. అది పోకుండా ఆపేది నా పని. రెండు చిన్న బూట్లు, వాటిని కలుపుతూ మధ్యలో ఒక ఇనుప కడ్డీ. మొదటి మూడు నెలలు రోజంతా తొడగాలి. ఆ తర్వాత నాలుగైదేళ్ళు వచ్చేదాకా పడుకున్నప్పుడల్లా తొడగాలి. మేం వీటిని కడ్డీ బూట్లంటాం.

నా గదిలో రెండు కట్టుబాట్లు ఉండేవి. ఒకటి, చిన్నవైన జత తెచ్చి ఇస్తేనే పెద్ద జత ఇవ్వడం. గోడ పొడుగునా నేనే కొట్టిన చెక్క అరల్లో సైజుల వారీగా పాత బూట్లు ఉండేవి. ఒక్కో జత ఐదారుగురు పిల్లల కాళ్ళకు తిరిగేది, నేను పట్టీలు మార్చి, లోపలి మెత్త మార్చి ఇచ్చేవాణ్ణి. పొదుపు కోసం అనుకునేరు! బూటు చిన్నదైతే తల్లి నా గదికి రాక తప్పదు. వస్తే పిల్లాడి పాదం నా కంట పడుతుంది, ఏ మాత్రం తేడా ఉన్నా అక్క దగ్గరకు తోలేస్తాను. రెండోది, కొత్తగా బూట్లు తీసుకునే తల్లి నా ఎదురుగా కూర్చుని, తన చేత్తో పదిసార్లు తొడిగి విప్పాలి. మడమ కిందకు దిగిందా లేదా బూటు వెనక ఉన్న కన్నంలోంచి చూసి నాకు చెప్పాలి. పిల్లాడు గుక్కపట్టి ఏడ్చినా సరే. తొమ్మిదిసార్లు తొడిగి “చాలండీ బాబూ” అంటే వదిలేవాణ్ణి కాదు. చాలామంది నన్ను తిట్టుకునే ఉంటారు, తిట్టుకోనీ.

పోయిన సంవత్సరం ట్రస్టువాళ్ళు వచ్చారు. మంచివాళ్ళే. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే నేను వాళ్ళ మీద పడి ఏడుస్తున్నాననుకుంటారు. అరవై మంది పిల్లలకు కొత్త కడ్డీ బూట్లు, నీలం రంగువి, ఎర్ర రంగువి, లోపల దూదిలాంటి మెత్త ఉన్నవి తెచ్చారు. అంత నాజూకైన పని నా చేతుల్లోంచి కూడా రాదు. వాటి కోసం ఒక గాజు బీరువా వచ్చింది. బీరువా కోసం నా గదిలో సగం పోయింది. పాత బూట్లు శుభ్రంగా ఉండవు, తీసేయమన్నారు. ట్రస్టు ఇస్తోందిగా అని ఆఫీసువాళ్ళు నాకు తోలు, కడ్డీలు కొనడం ఆపేశారు. “ఇకమీదట మీకు శ్రమ ఉండదండీ. హాల్లో వేదిక మీద మేమే ఇచ్చేస్తాం” అంది ట్రస్టు తరఫున వచ్చే అమ్మాయి. ఎప్పుడు చూసినా చంకలో ఫారాల కట్ట ఉంటుందని ఆవిడకు ఫారాల మేడమ్ అని పేరు పెట్టాం.

శ్రమ ఉండదట! ఇరవై ఎనిమిదేళ్ళు చేసిన పనికి ఆ ఒక్క మాట. నాకు ఒళ్ళు మండిపోయింది. నన్ను ఎవరూ అడక్కుండానే అరలన్నీ ఖాళీ చేసి, పాత బూట్లన్నీ నాలుగు గోతాల్లోకి కుక్కి, చెత్తబండి ఎక్కించాను. పంచే రోజు హాల్లోకి పోలేదు. గడియ పెట్టుకుని కూర్చున్నాను. ఎవరో రెండుసార్లు తలుపు కొట్టారు. నన్ను బతిమాలి తీసుకెళ్ళడానికి ఫారాల మేడమ్ వచ్చిందనుకుని ఇంకా బిగుసుకున్నాను. తర్వాత కొట్టడం ఆగిపోయింది. పక్క హాల్లోంచి చప్పట్లు వినిపించాయి.

అదయ్యాక పదకొండు నెలలకు ఒక పొద్దున పెయింటర్ వచ్చాడు. గోడలకు రంగులేసే మనిషి, గోళ్ళ సందుల్లో ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉంటుంది, నోట్లో నాలుక లేనివాడు. తండ్రికి లేనిదంతా కూతురికి వచ్చింది. రెండున్నరేళ్ళది, మాటలు గలగలా వచ్చేశాయి. ఒక్కచోట ఉండదని దాన్ని పిడుగు అంటాం. పంచిన రోజు నీలం బూట్లు గుండెకు హత్తుకుని నవ్విన పిల్ల ఇదే. ఆ ఫొటో ట్రస్టువాళ్ళు నిలువెత్తు పోస్టరు వేసి ఆస్పత్రి గుమ్మంలో పెట్టారు.

“పట్టట్లేదు మామయ్యా” అన్నాడు పెయింటర్. “పది రోజుల నుంచి తొడగట్లేదు. వేళ్ళు మడుచుకుపోయి ఏడుస్తోంది.”

పాదం చేతిలోకి తీసుకున్నాను. పాదం ఒక వేలి మందాన పొడుగు పెరిగింది. బూటు ముందు నుంచి చూస్తే వేళ్ళు పట్టే చోటే లేదు. అక్క వచ్చి పాదాన్ని ఇటూ అటూ తిప్పి చూసి, నన్ను పక్కకు పిలిచింది. “పాదం ఇంకా దారిలోనే ఉంది. కానీ నెల దాటితే నేను చెప్పలేను. తిరగడం మొదలైతే మళ్ళీ కట్లే, అప్పటికీ కాకపోతే ఆపరేషన్. తొందరగా ఏదో ఒకటి చెయ్యి.”

గాజు బీరువా నా గదిలోనే ఉంది. అందులో బూట్లు వరసగా పేర్చి ఉన్నాయి, అన్నీ నా బొటనవేలంత చిన్నవి. అప్పుడే పుట్టిన పిల్లలవి. మొదటిరోజు అందరికీ అన్ని సైజులూ తెచ్చారు గానీ, ఆ తర్వాత కొత్త పిల్లలకే ఇస్తామన్నారు, కొత్త పిల్లలంటే పసిగుడ్లే కదా. పెద్ద సైజు ఒక్కటీ లేదు.

ఫారాల మేడమ్‌కి ఫోన్ చేశాను. పాప పేరు కంప్యూటర్లో చూసి చెప్పింది, “ఈ పాపకి ఇచ్చేశాం కదండీ.”

“ఇచ్చారమ్మా. పాప పెరిగింది.”

“ఒక బిడ్డకు ఒకసారేనండీ. రెండోసారి పేరు కొడితే తీసుకోదు.”

“బూటు తీసుకోదా?”

“కంప్యూటర్ తీసుకోదండీ.”

నా తలకాయ కంప్యూటర్! ఆఫీసుకు పోతే ట్రస్టును అడగమన్నారు. ట్రస్టుకు పోతే ఆస్పత్రి నుంచి కాగితం తెమ్మన్నారు. కాగితం రాయమంటే పెద్ద డాక్టరుగారు సెలవులో ఉన్నారు. ఆ మూడు వారాలూ కాలికి బలపం కట్టుకుని తిరిగాను. నెత్తీ నోరూ బాదుకున్నాను, గోడకు చెప్పినట్టే అయింది. పైగా వెళ్ళిన ప్రతిచోటా “పాపం, ఆ పోస్టరు పాపేగా!” అని నవ్వేవారు. పాపమట!

నేనే ఒక జత కుడదామని కూర్చున్నాను. సరైన తోలు లేదు, పాదం అచ్చులు గది సగమైన రోజే ఎక్కడ పోయాయో పోయాయి. పాత సంచి తోలు కోసి కంటి కొలతతో కుట్టాను. రెండో రోజుకే పిడుగు మడమ మీద బొబ్బ లేచింది. అక్క ఆ బూట్లు తీసి నా బల్ల మీద పడేసింది. “నీ కోపంతో కుట్టావా, చేత్తో కుట్టావా? పుండు పడితే అసలు బూటే తొడగలేం. తెలిసిన మనిషివి, నువ్వే ఇలా చేస్తే ఎలా?” పెయింటర్ కూతుర్ని భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. అతను ఒక్క మాట తిట్టినా నాకు కొంచెం తేలికయ్యేది.

అక్కడితో అయిందా? పిడుగు వెనకే ఇంకొందరు వచ్చారు. ఒకరి బూటు బిగువు, ఒకరిది పట్టీ అందదు. వారంలో పదకొండు మంది తేలారు. అరలుండి ఉంటే ఒక్క పూటలో సర్దేవాణ్ణి. ఖాళీ గోడ చూసినప్పుడల్లా ఆ నాలుగు గోతాలూ గుర్తొచ్చేవి. చెత్తబండివాడు “అన్నీ పారెయ్యాలా మామా?” అని అడిగాడు కూడా. “నీకెందుకు, తీసుకుపో” అని కసిరింది నేనే.

అప్పుడొచ్చింది ఫారాల మేడమ్, మొహం వెలిగిపోతూ. ట్రస్టు వాళ్ళు బూట్లు పంచి సంవత్సరం అవుతోందట, హాల్లో సభ పెడుతున్నారట.

“ఆ పోస్టరు పాపే కావాలండీ. అవే బూట్లతో వేదిక మీద నిలబెడదాం.”

“అవి దాని కాళ్ళకు పట్టవు మేడమ్. నెల్లాళ్ళ నుంచి నేను మొత్తుకునేది అదేగా!”

“పరవాలేదండీ, చేత్తో పట్టుకుంటే చాలు.”

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆవిణ్ణి గుమ్మం దాటించి గడియ మీద చెయ్యి వేశాను. వేసినవాణ్ణి అలాగే ఆగిపోయాను. చేత్తో పట్టుకుంటే చాలట. అరవై మంది చేతుల్లో అరవై జతలు. ఒకడికి బిగుతైనది ఇంకొకడికి సరిపోతుంది. నా అరలన్నీ ఎక్కడికీ పోలేదు, అరవై ఇళ్ళలో ఉన్నాయి.

తలుపు తెరిచి పరుగున వెళ్ళి మేడమ్‌ని మెట్ల దగ్గర ఆపాను. “ఒక్క పాప పట్టుకుంటే ఏముంటుంది మేడమ్? అప్పుడు తీసుకున్న పిల్లలందరూ ఎవరి బూట్లు వాళ్ళు పట్టుకుని వేదిక నిండా నిలబడితే? ఫొటో ఎలా ఉంటుందో చూడండి!”

ఆవిడ కళ్ళు ఇంతలేసి అయ్యాయి. “అందరికీ నేనే ఫోన్లు చేస్తానండీ!” అంది. నా జీవితంలో ఒక మనిషిని ఇంత తేలిగ్గా ఒప్పించడం అదే మొదటిసారి. ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ నోరెళ్ళబెట్టింది. “మీరా? నవ్వుతూ మాట్లాడారా?” అని రెండుసార్లు అడిగింది.

సభ రోజు మధ్యాహ్నం హాలు నిండిపోయింది. అరవై మందిలో నలభై ఏడుగురు వచ్చారు. ట్రస్టు పెద్దాయన తెల్లటి జుట్టుతో, మెత్తటి మాటతో, చూడగానే నమస్కారం పెట్టాలనిపించే మనిషి. చాలాసేపు మాట్లాడారు. తర్వాత పిడుగును వేదిక ఎక్కించారు. ఫొటోగ్రాఫరు, “సార్, మీ చేత్తో తొడగండి, బాగుంటుంది” అన్నాడు. ఆ ముక్క మా ఏర్పాటులో లేదు. పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుని పాప పాదం పట్టుకున్నారు.

“కాలు పెట్టు తల్లీ.”

“పట్టదు తాతా.”

“పడుతుందమ్మా, కొంచెం లోపలికి…”

“నేను పెద్దయ్యాను. నీ బూట్లెందుకు పెద్దవి అవలేదు?”

మైకు దగ్గరగా ఉంది. హాలంతా గొల్లుమంది. పెద్దాయన కూడా నవ్వారు గానీ, పాదం చేతిలోంచి వదల్లేదు. మేడమ్ వైపు తిరిగి, “ఈ పాపకి పెద్దవి ఇవ్వలేదామ్మా?” అన్నారు.

“ఒక బిడ్డకు ఒకసారే కదా సార్.”

“పిల్లలు పెరుగుతారు కదా?”

“పెరుగుతారు సార్. ఎక్కువమందికి అందాలని మీరే అలా పెట్టమన్నారు.”

ఆయన మొహం చిన్నబోయింది. మంచివాళ్ళని ముందే చెప్పానుగా. “వచ్చే మీటింగులో తప్పకుండా మారుద్దాం” అన్నారు. మీటింగు మూడు నెలల తర్వాత. ఈలోపు పిడుగు పాదాన్ని ఆగమని ఎవరు చెబుతారు? చివరికి పాప బూట్లు గుండెకు హత్తుకుంది, ఫొటో తీశారు, చప్పట్లు కొట్టారు, బిస్కెట్లు పంచారు.

అందరూ లేస్తుంటే నేను హాలు వెనక నిలబడి గొంతు చించుకున్నాను. “ఎవరూ వెళ్ళకండి! బూట్లు చిన్నవైనవాళ్ళు ఇటు రండి. పాత జత ఇచ్చి పెద్ద జత తీసుకోండి. మన పాత పద్ధతే!” ఆ పద్ధతి తెలిసిన తల్లులు ముందు కదిలారు, వాళ్ళను చూసి మిగతావాళ్ళు వచ్చారు. నేల మీద దుప్పటి పరిచి బూట్లు సైజుల వారీగా పెట్టించాను. అక్క ప్లాస్టర్ అంటిన చేతులతోనే వచ్చి ఒక్కో పాదం చూసి సైజు చెబుతోంది, నేను జత అందిస్తున్నాను. గంటలో పది మందికి కుదిరాయి. అంతసేపూ ఒళ్ళు తెలీలేదు. మిగిలింది పిడుగు ఒక్కటే. దాని పాదానికి కావలసిన సైజు దుప్పటి మీద లేదు.

పెయింటర్ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. “పోనీ లెండి మామయ్యా” అన్నాడు. పోనీ ఏంటి పోనీ!

అప్పుడు వెనక వరసలోంచి ఒకావిడ వచ్చింది. సన్నటి మనిషి, ఎప్పుడూ చూడని మొహం. వెనకాల మూడేళ్ళ కొడుకు, బిస్కెట్ తింటున్నాడు. ఆవిడ సంచిలోంచి తెల్లబట్టలో చుట్టిన పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. విప్పితే ఎర్ర బూట్లు. పిడుగు సైజు. సరిగ్గా అదే.

“అక్కా, దొరికాయి!” అని కేకపెట్టాను. పెయింటర్ కూతుర్ని ఎత్తుకుని పరిగెత్తుకొచ్చాడు. పట్టీ విప్పబోయాను. నా చెయ్యి ఆగిపోయింది. పట్టీ బిగువుగా ఉంది. రోజూ తొడిగే బూటు పట్టీ కన్నం సాగుతుంది, పట్టీ కింది తోలు నాలుక మీద ముడతలు పడతాయి, పిల్లలు పడుకుని మంచానికి కొట్టి కొట్టి కడ్డీ నిండా గీతలు పడతాయి. ఈ కడ్డీ మీద ఒక్క గీత లేదు. బూటు లోపల కాగితం ఉండ కూడా అలాగే ఉంది.

“ఇంత కొత్తగా ఎందుకున్నాయమ్మా ఇవి?”

“పాడు చెయ్యలేదండీ” అంది ఆవిడ, కొంచెం గర్వంగానే. “భద్రంగా దాచుకోండి అని వేదిక మీద చెప్పారుగా. బీరువాలో పెట్టాను. ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.”

పిల్లాడి వైపు చూశాను. చెప్పుల్లో ఉన్నాయి పాదాలు. రెండూ లోపలికి చూస్తున్నాయి. అక్క అప్పటికే వాడి ముందు కూర్చుని ఒక పాదం చేతిలోకి తీసుకుంది. తల ఎత్తి నన్ను చూసింది.

ఒళ్ళంతా భగ్గుమంది. “బూట్లు దాచుకుంటారా ఎవరైనా? కాలికి తొడగాలని తెలీదా? సంవత్సరం, తల్లీ, సంవత్సరం!” అని అరిచాను. హాల్లో మిగిలినవాళ్ళందరూ తిరిగి చూశారు. పిల్లాడు తల్లి వెనక్కి నక్కాడు.

ఆవిడ ఏడవలేదు. ఎదురు కూడా చెప్పలేదు. మెల్లగా, తప్పు తనదే అన్నట్టు చెప్పింది. “వీణ్ణి ఆలస్యంగా తెచ్చామండీ, కట్లు విప్పిన వారమే బూట్లిచ్చారు. ఆ కడ్డీ ఎందుకో, ఎలా తొడగాలో తెలీలేదు. హాల్లో అడిగితే, పక్కనే బూట్ల గది ఉంది, ఆయన నేర్పిస్తాడు అన్నారు. వచ్చాను. రెండుసార్లు తలుపు కొట్టాను. లోపల ఎవరో దగ్గారు గానీ తియ్యలేదు. బస్సు టైమైపోతుంటే వెళ్ళిపోయాం. కాళ్ళు బాగానే ఉన్నాయిగా, ఇక అయిపోయిందనుకున్నాం.”

ఆ రోజు నేను దగ్గిన సంగతి నాకు గుర్తుంది. లోపలే ఉన్నానని తెలియాలని, తెలిసీ తియ్యట్లేదని తెలియాలని, కావాలనే దగ్గాను.

ఫారాల మేడమ్ దగ్గరకొచ్చి, “ఏమైందండీ?” అంది. ఏమీ లేదన్నాను. ఆవిణ్ణి తిట్టడానికి నా దగ్గర ఒక్క మాట మిగల్లేదు.

అక్క లేచి, “శుక్రవారం తీసుకురామ్మా. మళ్ళీ కట్లు వేద్దాం. ఈసారి కొన్ని ఎక్కువ పడతాయి” అంది. ఆవిడ తల ఊపింది. ఎర్ర బూట్లు నా చేతిలోంచి తీసుకుని, తనే పెయింటర్‌కి ఇచ్చింది. “పాపకి తొడగండి” అంది.

పెయింటర్‌ని నేల మీద కూర్చోబెట్టాను. అతనికి తొడగడం ఎప్పుడో వచ్చు, అయినా కూర్చోబెట్టాను. ఆవిణ్ణి కూడా పక్కన కూర్చోమన్నాను. “ముందు మడమ. కన్నంలోంచి చూడాలి, మడమ కిందకి దిగిందా లేదా. తర్వాత మధ్య పట్టీ. మీరు తొడగండమ్మా ఇప్పుడు.” పిడుగు కాలు చాపి, “ఆంటీ, గట్టిగా లాగు, నేనేం ఏడవను” అంది. మొదటిసారి మడమ దిగలేదు. మూడోసారికి దిగింది. పక్కన ఆవిడ కొడుకు బిస్కెట్ మానేసి, ఆ ఎర్ర బూట్లనే చూస్తున్నాడు. అవి నావి అన్నాడు ఒకసారి.

పదోసారి అయ్యాక ఆవిడ లేచి కొడుకు చెయ్యి పట్టుకుంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

“శుక్రవారం మీ గది తలుపు తీసి ఉంటుందాండీ?” అని అడిగింది.

“తీసే ఉంటుందమ్మా” అన్నాను.